గచ్చపొద దగ్గర మూడు ఆదివారాలు

మా వైపు ఎండాకాలంలో ఓ మగవాడు ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దగ్గర గుండీ కూడా పెట్టుకుని కనిపించాడంటే రెండే కారణాలు. ఒకటి, ఎవరిదో పెళ్ళి. రెండు, మా మేనత్త.

మా మేనత్త ముక్తేశ్వరం నుంచి లోపలికి, కాలవగట్టు వెంట రెండు కిలోమీటర్లు వెళితే వచ్చే ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. ఇంటి వెనక కొబ్బరితోట. తోటకి మూడు వైపులా ఇనపకంచె, నాలుగోవైపు గచ్చపొద. కొబ్బరికాయల దొంగల కోసం ఆవిడ మామగారి తండ్రి నాటించాడట. దొంగలు మానేశారు. పొద మానలేదు.

గచ్చపొదని చెట్టు అనలేం, తీగ అనలేం. పక్కన ఏది దొరికితే దాన్ని పట్టుకుని పైకెక్కి, ఎక్కాక దాన్నే కప్పేసే రకం. కొమ్మకి ముళ్ళు, ఆకుకాడకి ముళ్ళు, ఆఖరికి కాయ మీద కూడా ముళ్ళే. కొమ్మల మీద ముళ్ళు వెనక్కి వంగి ఉంటాయి. చెయ్యి లోపలికి పెట్టేటప్పుడు అవి ఏ అభ్యంతరమూ చెప్పవు. బయటికి తీసేటప్పుడే చర్చ మొదలుపెడతాయి. ఇంత కథా కాయకి రెండేసి గింజల కోసం. సీసం రంగులో, గోలీల్లా నున్నగా, రాయితో కొడితే గానీ పగలనంత గట్టిగా ఉంటాయి. చిన్నప్పుడు ఆ గింజని అరుగు మీద బరబరా రాసి, వేడెక్కాక పక్కవాడి చేతికి అంటించి పారిపోయేవాళ్ళం. మా తరానికి తెలిసిన వైద్యం అంతవరకే.

అసలు వైద్యం వేరు. ఆ గింజ దేనికి మందో అత్తయ్య ఇంట్లో పేరు పెట్టి పైకి అనకూడదు, అంటే మందు పనిచెయ్యదని నియమం. కాగితం మీద రాస్తే ఫరవాలేదనుకుంటాను. కోనసీమలో కాలవలకీ దోమలకీ లోటు లేదు. వాటి ధర్మమా అని మగవాళ్ళకి ఒకచోట నీరు పట్టడం కూడా తరతరాలుగా ఉంది. వరిబీజం అంటారు. మర్యాదస్తులు ‘ఆ ఇబ్బంది’ అంటారు. పంచెలు కట్టిన రోజుల్లో అది గుట్టుగా గడిచిపోయేది. ప్యాంట్లు వచ్చాకే ఇబ్బంది నిజంగా ఇబ్బంది అయింది.

మందుకి ఒక పద్ధతుంది. ఆదివారం పొద్దున్నే, టీ కూడా తాగకుండా రావాలి. ఎవరి కాయలు వాళ్ళే కోసుకోవాలి. కర్ర, కత్తి, గుడ్డ పనికిరావు. వట్టి చేత్తో కొయ్యాలి. కోసేటప్పుడు ‘అబ్బా’ అనకూడదు. నాలుగు కాయలు కొడితే ఎనిమిది గింజలొస్తాయి. ఏడింటిని అత్తయ్య పొయ్యి నిప్పుల్లో కాల్చి, లోపలి పప్పు తీసి ఆముదంతో నూరి ఇస్తుంది. ఎనిమిదోదాన్ని మళ్ళీ పొదలోకే విసిరెయ్యాలి. ఇంటికెళ్ళి పట్టు వేసుకోవాలి. మూడో ఆదివారానికి సంగతి తెలుస్తుందంటుంది.

ఈ పద్ధతిలో ఒక్కటే చిక్కు. రోగం పేరు ఎక్కడా బయటికి రాదు గానీ, వేళ్ళ నుంచి మోచేతి దాకా గీరుకుపోయిన చెయ్యి మాత్రం వస్తుంది. అందుకే ఫుల్ చేతుల చొక్కా. సోమవారం పొద్దున్న కొత్తపేట సంతలోనో అమలాపురం బస్టాండులోనో చెమటలు కక్కుతూ గుండీలు పెట్టుకున్న మనిషి కనిపిస్తే, చూసినవాళ్ళు వాతావరణం గురించి మాట్లాడి ఊరుకుంటారు.

నేను అమలాపురంలో ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. ఆదివారాలు అత్తయ్య దగ్గరికి వెళ్ళడం తొమ్మిదేళ్ళుగా అలవాటు. ఆవిడకి పిల్లల్లేరు. మామయ్య నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా పోయాడు. కడుపునొప్పి అన్నారు. అంతకంటే వివరాలు అడగడం మా ఇళ్ళల్లో మర్యాద కాదు. అంతకుముందు మందు ఇచ్చింది మామయ్య వాళ్ళమ్మ. ఆ తర్వాత అత్తయ్య.

అక్కడ నా ఉద్యోగం పొద దగ్గర నిలబడ్డం. వచ్చినవాళ్ళకి కాయలు ఎక్కడున్నాయో చూపించి, ‘కుడిచెయ్యి వద్దండి, రేపు అన్నం తినాలి కదా’ అని సలహా చెప్పి, కోశాక గీరుకున్నచోట కొబ్బరినూనె రాసి లోపలికి పంపుతాను. వంటింటి కిటికీ పొద వైపే ఉంది కాబట్టి లోపల జరిగేదంతా వినపడుతుంది. వినకూడదన్న నియమం ఎవరూ పెట్టలేదు.

ఒకసారి ఐ.పోలవరం నుంచి చేపల చెరువుల దగ్గర పనిచేసే ఆయన వచ్చాడు.

“ఏ పని మీద వచ్చేరు బాబూ?” అంది అత్తయ్య.

“ఊరికేనండి. తవర్ని చూసి ఎల్దావని.”

“ఎన్నాళ్ళ నుంచి చూడాలనుంది?”

“రెండేళ్ళ నుంచండి.”

“ఎంత?”

“మొదట్లో నిమ్మకాయండి. ఇప్పుడు... బొండం అనుకోండి.”

“బొండమే?”

“లేత బొండమండి, ఆయ్.”

తర్వాత రెండు ప్రశ్నలు. ఎవరొచ్చినా అవే.

“దగ్గితే పొంగుతుందా?”

“లేదండి.”

“పడుకుంటే లోపలికి పోతుందా?”

“పోదండి. అదెక్కడికీ పోదండి.”

అలా చెప్పినవాళ్ళకి గింజలు కాలతాయి. పొంగుతుందనో, పోతుందనో చెప్పినవాళ్ళకి మాత్రం ఆవిడ గింజలు ముట్టుకోదు. “మీది నీరు కాదు బాబూ, పేగు జారింది. పేగు నా పొద మాట వినదు. ఇవాళే ఆసుపత్రికెళ్ళి కోయించుకోండి,” అంటుంది. తొమ్మిదేళ్ళలో ఈ రెండు ప్రశ్నలూ వాటి సరైన జవాబులూ నాకు పాఠంలా వచ్చేశాయి. నేను పరీక్షలు పెట్టేవాణ్ణి. కొశ్చన్ పేపరు మారని పరీక్ష ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ప్రశ్నలయ్యాక అత్తయ్య రెండు ఎండుమిరపకాయలు నిప్పుల మీద వేసేది. ఆ ఘాటు కిటికీలోంచి పొద దాకా వచ్చేది. లోపలి మనిషి నాలుగైదుసార్లు తుమ్మేవాడు. వచ్చినవాళ్ళ దిష్టి తియ్యడానికనుకునేవాణ్ణి. మా స్టాఫ్ రూములో ఒకసారి మూఢనమ్మకాల మీద మాటొస్తే ఈ మిరపకాయల్ని ఉదాహరణగా చెప్పి నలుగుర్నీ నవ్వించాను కూడా.

నిరుడు వేసవిలో ఓ పొద్దున్న స్నానం చేస్తూ ఎడమ గజ్జలో నిమ్మకాయంత వాపు చూసుకున్నాను. నొప్పి లేదు. చాలా క్రమశిక్షణ గల వాపు. నేను నిలబడితే నిలబడేది, పడుకుంటే లోపలికి వెళ్ళిపోయేది. దగ్గితే బయటికొచ్చి, ఏం కావాలన్నట్టు చూసేది. నాకు రెండు ప్రశ్నలూ గుర్తొచ్చాయి. రెండింటికీ తప్పు జవాబే.

అంటే ఆపరేషన్. కొబ్బరిబొండం కొట్టేటప్పుడు కూడా పక్కకి చూసే మనిషిని నేను. పైగా అమలాపురంలో అలాంటి ఆపరేషన్లు చేసే డాక్టరు నా దగ్గర చదువుకున్నవాడు. ఇంటర్ రెండో సంవత్సరంలో అతణ్ణి ఒక గంటసేపు క్లాసు బయట నిలబెట్టాను. ఇప్పుడు వెళ్ళి అతని ముందు పడుకోవడం గురించి మూడు వారాలకి పైగా ఆలోచించాను. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే అది కూడా లేచేది కాబట్టి మళ్ళీ కూర్చునేవాణ్ణి. పేపరు దిద్దుతూ మధ్యలో వదిలేసి వరండాలోకి, వరండాలోంచి మళ్ళీ గదిలోకి. “సార్ వాకింగ్ మొదలెట్టేరండి,” అని పిల్లలు చెప్పుకున్నారట.

ఆఖరికి ఒక ఆదివారం, వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక, అత్తయ్యతో అన్నాను:

“ఇవాళ నేను కూడా నాలుగు కాయలు కోసుకుంటాను.”

ఆవిడ పొయ్యిలో బూడిద ఎత్తుతోంది. చెయ్యి ఆగిపోయింది.

“నీకా?”

“ఆ.”

“ఎన్నాళ్ళ నుంచిరా?”

“ఈమధ్యే.”

“వెళ్ళి కోసుకురా,” అంది.

తొమ్మిదేళ్ళు పక్కవాళ్ళకి చూపించిన చోటే చెయ్యి పెట్టాను. నేను ఇచ్చిన సలహాలన్నీ ఎంత పనికిమాలినవో తెలిసింది. మొదటి కాయ వచ్చింది. రెండోదాని దగ్గర ముల్లు మణికట్టు మీద దిగింది. లాగితే ఇంకోటి. దాన్ని విడిపిద్దామని కుడిచెయ్యి పెడితే దాన్నీ పట్టుకుంది. అబ్బా అనకూడదు కాబట్టి అనలేదు. అనదలుచుకున్నవి వేరే ఉన్నాయి, వాటి గురించి నియమం లేదు గానీ, అవీ అనలేదు.

నాలుగు కాయలూ తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. నిప్పులు మళ్ళీ రాజేసింది.

“దగ్గితే పొంగుతుందా?”

“లేదు.”

“పడుకుంటే లోపలికి పోతుందా?”

“పోదు.”

నూటికి నూరు మార్కులు. ఆవిడ నా మొహం వంక చూసింది. నేను పొయ్యి వంక చూశాను. మిరపకాయల డబ్బా మీదికి వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చింది. సొంత మేనల్లుడు కదా, దిష్టి అక్కర్లేదనుకుందేమోననుకున్నాను. గింజలు కాల్చి, పప్పు నూరి, ఆకులో కట్టి ఇచ్చింది. ఎనిమిదో గింజ నేనే పొదలోకి విసిరాను.

సోమవారం ఫుల్ చేతుల చొక్కాతో కాలేజీకి వెళ్ళాను. మా అటెండరు రిజిస్టరు ఇస్తూ నా చేతుల వంక చూశాడు.

“నిన్న ముక్తేశ్వరం ఎల్లేరాండి?”

“మా అత్తయ్యని చూడ్డానికి వెళ్ళానయ్యా. ప్రతి ఆదివారం వెళతాను కదా.”

“ఆయ్. అందరూ ఆవిడ్ని చూడ్డానికే ఎల్తారండి.”

ఫ్యాను కొంచెం పెద్దది చేసి వెళ్ళిపోయాడు.

ఇంట్లో మా ఆవిడ అంత మర్యాద కూడా చూపించలేదు.

“ఆముదం వాసనేంటండీ?”

“కీళ్ళనొప్పులకి రాస్తున్నాను.”

“కీళ్ళు ఎక్కడుంటాయో నాకు తెలుసు లెండి.”

నేను నవ్వాను. తను నవ్వలేదు. “అత్తయ్యగారు అన్నీ అడిగే ఇచ్చేరా?” అంది. అన్నీ అడిగిందన్నాను. అది నిజం. “మీరు అన్నీ చెప్పేరా?” అంటుందేమోనని, సెల్‌ఫోను మోగకపోయినా ఎత్తి హలో అన్నాను.

రెండో ఆదివారం నాటికి పడుకోగానే పోయే వాపు, పడుకున్నాక కాసేపు ఆలోచించి పోవడం మొదలుపెట్టింది. వేళ్ళతో మెల్లిగా నెడితే వెళ్ళేది. నేను మళ్ళీ ముళ్ళలో చెయ్యి పెట్టాను, మళ్ళీ గింజలు తెచ్చుకున్నాను. అత్తయ్య “ఎలా ఉంది?” అంటే “ఫరవాలేదు” అన్నాను. ఆ వారంలో ఒకరోజు క్లాసులో పాఠం చెబుతుండగా అది గట్టిపడింది. ఊళ్ళో కొబ్బరిపిందెని పట్టుకుంటే ఎంత గట్టిగా ఉంటుందో అంత. నొప్పి బొడ్డు దాకా పాకింది. పిల్లలకి ఏదో రాసుకోమని చెప్పి స్టాఫ్ రూముకి వెళ్ళి, రెండు బెంచీలు కలిపి పడుకున్నాను. గంటకి గానీ వెళ్ళలేదు. ఆ గంటలో నేను డాక్టరు నంబరు మూడుసార్లు తీశాను, మూడుసార్లూ ఫోను జేబులో పెట్టేశాను. వెళ్ళిపోయాక మందు పనిచేస్తోందని నాకు నేను చెప్పుకున్నాను. పనిచేయబట్టే వెళ్ళింది అనుకున్నాను. ఇంగ్లీషులో ఎమ్మే చేశాను.

మూడో ఆదివారం నాకు ముందు ఒక కుర్రాయన ఉన్నాడు. రాజోలు అవతల నుంచి వచ్చాడు. కువైట్‌లో డ్రైవరు, సెలవు మీద వచ్చాడు, రెండు వారాల్లో తిరిగి వెళ్ళాలి. నూనె రాయించుకుంటూ అడిగాడు:

“లోపల ఏం అడుగుతారండి?”

“రెండు ప్రశ్నలు.”

“ఏం చెప్తే మందిస్తారండి?”

ఆ ప్రశ్న తొమ్మిదేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏమనేవాణ్ణో తెలియదు. అప్పుడు మాత్రం చెప్పేశాను. “రెండింటికీ లేదనండి,” అన్నాను.

కిటికీలోంచి వింటూ నిలబడ్డాను. లేదండి అన్నాడు. పోదండి అన్నాడు. మిరపకాయల ఘాటు వచ్చింది. అతను తుమ్మాడు, మళ్ళీ తుమ్మాడు. గింజలు పగిలే చప్పుడు రాలేదు. అత్తయ్య గొంతు వినపడింది.

“మీది పేగు బాబూ. ఆసుపత్రికెళ్ళండి.”

“లేదని చెప్పేనుగా అండి!”

“చెప్పేరు. అయినా పేగే.”

“ఆపరేషనంటే నెల పడుకోవాలండి. నా టికెట్టు పోద్దండి. అక్కడ పని పోద్దండి.”

“ప్రాణం పోతే ఏ టికెట్టుతో వెళతారు? ఇవాళే వెళ్ళండి.”

అతను బయటికొచ్చి నా వంక చూశాడు. మీరు చెప్పిన జవాబులే చెప్పాను కదా అన్నట్టుంది ఆ చూపు. బండి తీసి వెళ్ళిపోయాడు. సరైన జవాబు చెప్పినవాణ్ణి ఆవిడ ఎలా పట్టుకుంది? పొద దగ్గర ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు.

“ఏరా, లోపలికి రా,” అంది అత్తయ్య.

“వాళ్ళు అయ్యాక వస్తానులే.”

“ముందు నువ్వు రా.”

వెళ్ళి పీట మీద కూర్చున్నాను. కాయలు కొయ్యనే లేదు, ఆవిడా అడగలేదు. డబ్బా తీసింది. ఎప్పుడూ రెండు వేసేది, పిడికెడు వేసింది. మిరపకాయలు నల్లబడి పొగ లేచింది. గొంతులో పడ్డాక ఆపుకోవడం ఎవరి తరమూ కాదు. దగ్గు, దగ్గు మీద తుమ్ము, తుమ్ము మీద దగ్గు. కళ్ళనీళ్ళతో పొయ్యి కూడా కనపడలేదు.

పొగ తగ్గాక చూస్తే ఆవిడ నా మొహం వైపు చూడ్డం లేదు.

“తుమ్మినప్పుడు నీ చెయ్యి ఎక్కడికి పోయిందిరా?”

నేను కిందికి చూసుకున్నాను. నా ఎడమచెయ్యి పంచె మీదుగా గజ్జని గట్టిగా అదిమి పట్టుకుని ఉంది. నేను పెట్టలేదు. ఎప్పుడు వెళ్ళిందో తెలియదు. ఇంకా అక్కడే ఉంది.

“నీరు పట్టినవాడు తుమ్మితే చేతులు మోకాళ్ళ మీదే ఉంటాయి,” అంది. “పేగు జారినవాడు మాత్రం పట్టుకుంటాడు. నోటితో ఎన్నైనా చెబుతారు. చెయ్యి అబద్ధం చెప్పదు.”

తొమ్మిదేళ్ళు నేను కిటికీ బయట నిలబడి విన్న పరీక్ష, పరీక్షే కాదు. అసలు పరీక్ష పొగ. నేను స్టాఫ్ రూములో నలుగుర్నీ నవ్వించింది దాని మీదే.

“మొదటివారమే వెయ్యాల్సింది,” అంది అత్తయ్య. “నువ్వు చదువుకున్నవాడివి, నాతో నిజం చెబుతావనుకున్నాను. డబ్బా దాకా వెళ్ళిన చెయ్యి తీసేసుకున్నాను.”

నేను పంచె చెంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

“మీ మామయ్యకి కడుపునొప్పి కాదురా. ఇదే. పడుకుంటే పోతుందా అని వాళ్ళమ్మ అడిగితే పోదన్నాడు. కోత అంటే భయం. ఆవిడ నమ్మి గింజలిచ్చింది. పట్టు నేనే వేశాను, నా చేతులతోనే. మూడో ఆదివారం దాకా ఆగుదామన్నాడు. బుధవారం మధ్యాహ్నం అది గట్టిపడి ఇంక లోపలికి పోలేదు. పంటు మీద గోదావరి దాటించి తీసుకెళ్ళేం. అవతలి రేవు చేరేసరికి మాట లేదు.” డబ్బా మూత పెట్టింది. “ఈ పొగ మా అత్తగారి మందులో లేదు. తర్వాత నేను కలిపేను.”

ఆ మాట అంటున్నప్పుడే నాకు నొప్పి మొదలైంది. దగ్గుల్లో బయటికొచ్చినది పీట మీంచి లేచి చాప మీద పడుకున్నా, వేళ్ళతో నెట్టినా కదల్లేదు. పిందె కంటే గట్టిగా ఉంది. అత్తయ్య నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, బయటికెళ్ళి పొద దగ్గరున్న ముగ్గురితో “ఇవాళ్టికి లేదు బాబూ, ఆటో కావాలి,” అంది. వాళ్ళలో ఒకాయన ఆటోలోనే వచ్చాడు. గీరుకున్న చేతులతో హ్యాండిల్ పట్టుకుని, ఫుల్ చేతులు దించుకుని, మమ్మల్ని ఎక్కించుకున్నాడు. ఆదివారం పొద్దున్న ఆవిడ ఇల్లు కదలడం నేను అదే చూడ్డం.

ముక్తేశ్వరం నుంచి అమలాపురానికి స్పీడ్ బ్రేకర్లు ఎన్నున్నాయో నేను చెప్పగలను. ఆ ఆటో ఆయన ఒక్కోదాని దగ్గరా “సిన్న గతుకండి, ఆయ్,” అని ముందే చెప్పేవాడు. చెప్పినందువల్ల నొప్పి తగ్గలేదు గానీ, దాని కోసం తయారుగా ఉండే అవకాశం దొరికింది. అత్తయ్య నా మణికట్టు పట్టుకుని రోడ్డు వంక చూస్తోంది. పట్టు అస్సలు సడల్లేదు. ఆవిడ వేళ్ళు సరిగ్గా ఆ రెండు ఆదివారాల గీతల మీద పడ్డాయి. నేను ‘అబ్బా’ అనలేదు.

డాక్టరు ఆదివారమని ఇంట్లో ఉన్నాడు. ఫోను వెళ్ళగానే వచ్చాడు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, వాపు కంటే ముందు నా చేతులు చూశాడు.

“గచ్చపొదా మాస్టారూ?”

“నీకెలా తెలుసు?”

“చేతులు గీరుకుని నా దగ్గరికొచ్చే కేసులు నెలకి రెండు మూడు ఉంటాయండి. ఎవరు పంపించేరంటే చెప్పరు. ఎప్పట్నుంచండీ ఇది?”

“మూడు వారాలు.”

“నిజం చెప్పు,” అంది వెనక నుంచి అత్తయ్య.

“నెలా పది రోజులు.”

డాక్టరు వెనక్కి తిరిగి ఆవిణ్ణి చూశాడు. ఆవిడ చీరకి అంటిన బూడిద చూశాడు. కుర్చీ తెప్పించి కూర్చోమన్నాడు. నాకు కాగితం మీద సంతకం పెట్టించుకుంటూ, “పేగు ఇరుక్కుంది మాస్టారూ. సాయంత్రం దాకా ఆగితే కొంచెం కష్టమయ్యేదండి,” అన్నాడు. ఆ ‘కొంచెం’ అన్న మాట నేను కూడా అలాగే వాడతాను. అందుకే ఎంత భయపడాలో నాకు సరిగ్గా అర్థమైంది.

మా ఆవిడ వచ్చేసరికి నన్ను లోపలికి తీసుకెళ్ళారట. అత్తయ్య ఆ కుర్చీలోంచి లేవలేదట. మంచినీళ్ళు కూడా తాగలేదట. తలుపు తెరుచుకుని డాక్టరు బయటికొచ్చి “పేగు బాగానే ఉందండి, తియ్యాల్సిన పని లేకపోయింది,” అన్నాక, “టీ ఎక్కడ దొరుకుతుందమ్మా?” అందట. ఆదివారం కదా, మందిచ్చే ఆవిడకీ అదే నియమం, పొద్దున్నుంచీ తాగలేదు.

నెలన్నర బరువులెత్తొద్దన్నారు. దగ్గు రాకుండా చూసుకోమన్నారు. నేను కుదురుగా మంచం మీద పడుకున్నానని మా ఆవిడ చెప్పదు. పడుకున్నప్పుడల్లా కువైట్ కుర్రాయన కళ్ళ ముందుకొచ్చేవాడు. అత్తయ్యకి ఫోను చేసి అడిగాను, అతని ఊరు, పేరు ఏమైనా తెలుసా అని. పేర్లు అడిగే పద్ధతి లేదు కదరా అంది. నేను చెప్పిన జవాబులు చెప్పి, పట్టుబడి, కోపంగా వెళ్ళిపోయాడు. ఆసుపత్రికి వెళ్ళాడో, విమానం ఎక్కాడో తెలియదు. రాజోలు నుంచి వచ్చే పిల్లల్ని అడిగాను. కువైట్‌లో ఉన్న డ్రైవరు అంటే, ఏ వీధిలో సార్ అన్నారు.

నడవొచ్చని డాక్టరు చెప్పిన మొదటి ఆదివారమే అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. పొద దగ్గర నిలబడబోతే పిలిచింది.

“అక్కడ వేరేవాళ్ళుంటారులే. లోపలికొచ్చి కూర్చో. నా కళ్ళు మసకేస్తున్నాయి. పొగలో చేతులు సరిగ్గా కనపడ్డం లేదు.”

అప్పట్నుంచి నా ఉద్యోగం వంటింట్లో. పొయ్యికి ఇవతల, పీటకి ఎదురుగా, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చుంటాను. గచ్చ గింజలు నయం చేస్తాయా అని మా ఆవిడ అడిగింది. తెలియదన్నాను. నీరు పట్టినవాళ్ళలో చాలామంది మళ్ళీ రాలేదు. తగ్గి రాలేదో, ముళ్ళకి భయపడి రాలేదో. వాళ్ళకి కూడా ‘ఒకసారి డాక్టరుకి చూపించుకోండి’ అని నేను తలుపు దాకా వెళ్ళి చెబుతున్నాను. అత్తయ్య వద్దనలేదు. పేగు వాళ్ళని మాత్రం నేనే ఆటో ఎక్కించి, ఎక్కాక ఆ ఆటో మలుపు తిరిగేదాకా నిలబడతాను.

పోయిన ఆదివారం పలివెల నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ముందుగానే ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, దాన్ని పైకి మడిచి కాయలు కోసుకున్నాడు. పద్ధతి తెలిసినవాడు.

“దగ్గితే పొంగుతుందా?”

“లేదమ్మా.”

“పడుకుంటే పోతుందా?”

“పోదమ్మా.”

అత్తయ్య నా వైపు డబ్బా జరిపింది. రెండు మిరపకాయలు వేశాను. పొగ లేచింది. బయట బండి చప్పుడైతే, ఆ కువైట్ కుర్రాయనేమోనని నా చూపు ఒక్క క్షణం కిటికీ వైపు పోయింది. కాదు, కొబ్బరికాయల వ్యాను. గబుక్కున మళ్ళీ ఇటు చూశాను. పెద్దాయన తుమ్మాడు. ఒకటి, రెండు, మూడు. కళ్ళు తుడుచుకోలేదు, ముక్కు పట్టుకోలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లించే ఉన్నాయి.

“ఏరా?” అంది అత్తయ్య.

“నీరే,” అన్నాను.

ఆవిడ గింజలు నిప్పుల్లోకి జార్చింది. పెద్దాయన నా వంక చూసి చిన్నగా నవ్వాడు.

“తవరికి కూడా ఉందాండి?”

నా ఎడమచెయ్యి ఎప్పుడు వెళ్ళిందో, గజ్జ మీద ఉంది. అక్కడ ఇప్పుడు కుట్ల గీత తప్ప ఏమీ లేదు.

“ఉండేదండి,” అని చెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకున్నాను. తర్వాతి తుమ్ముకి అది మళ్ళీ అక్కడికే వెళ్ళింది.